పిచ్చి పల్టన్ షెడ్డు

దాలయ్య దగ్గర మొదట్లో ఉన్నవి పదకొండు వందల నలభై రూపాయలు. విజయనగరంలో ఒక టూరింగ్ టాకీసులో ఏడేళ్లు రీళ్లు మోసి, తెగిన రీళ్లు అతికి, చివరికి మెషీను తిప్పేదాకా ఎదిగి కూడబెట్టిన సొమ్ము. అందులో ఏడువందలు పెట్టి పాత ప్రొజెక్టరు కొన్నాడు, చిన్న రీళ్లది. మూడువందల పది పెట్టి కరెంటు పుట్టించే ఇంజను కొన్నాడు. తెరగుడ్డకీ, తీగలకీ, అరవడానికి రేకు గొట్టానికీ అరవై అయిదు. లెక్క తేలేసరికి చేతిలో మిగిలినవి కూడా అరవై అయిదే.

రాయగడ బజారులో ఎంత చిన్న షెడ్డయినా నెలకి నలభై. మూడు నెలలది ముందే కట్టాలి. అరవై అయిదుకి ఏదీ రాదు.

ఒక్కటి వస్తుంది. అది ఊరికే వస్తుంది.

కొల్నార రోడ్డు మీద, ఊరు దాటిన రెండు మైళ్లకి... పిచ్చి పల్టన్ షెడ్డు.

ఆ పేరు చెబితే సంతకి పోయే బళ్లవాళ్లు ఎడ్ల తోకలు మెలిపెట్టేవారు. పొద్దుగూకాక ఆ దారిన ఒంటరిగా ఎవరూ వచ్చేవారు కాదు. యుద్ధం రోజుల్లో అది మిలిటరీ వాళ్ల ఆసుపత్రి. చేతులు తెగినవాళ్లకీ కాళ్లు విరిగినవాళ్లకీ కాదు — బర్మా అడవుల్లోంచి ఒంటి మీద గీత పడకుండా వచ్చి, మనసు మాత్రం అక్కడే పారేసుకుని వచ్చినవాళ్లకి. నలభై ఆరులో ఒక రాత్రి లారీలొచ్చి అందర్నీ ఎక్కించుకుపోయేయి. తెల్లారేసరికి ముళ్లకంచె, కాపలా గుడిసె, పొడుగాటి రేకుల షెడ్డు. అంతే మిగిలేయి.

అంతే మిగిలేయని అనుకున్నారు.

నెల తిరక్కుండానే మొదలయింది. లోపలెవరో ఏడుస్తున్నారని. పెద్దగా కాదు — దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చినట్టు. ఆడగొంతని కొందరు, మగగొంతని కొందరు. కంచె బయట కల్వర్టు మీద తెల్లగా ఏదో కూర్చునుంటుందని, దగ్గరకెళ్తే ఉండదని. ఒక కానిస్టేబులు టార్చిలైటు పట్టుకుని ధైర్యంగా లోపలికి వెళ్లేడట. బయటికొచ్చేక మూడు రోజులు మాట్లాడలేదట. నాలుగో రోజు నోరు విప్పి, బదిలీ కావాలని మాత్రం అడిగేడట.

ఆ షెడ్డుని వేలంలో పాడుకున్న వెంకటాచలం గారు పదకొండేళ్లుగా దాన్ని ఎవరికీ అంటగట్టలేకపోయేరు.

"ఊరికే తీసుకోవోయ్. మూడు నెలలయ్యాక నువ్వు బతికుంటే అప్పుడు అద్దె మాట మాట్లాడుకుందాం," అన్నారు తాళంచెవి ఇస్తూ.

"బతికుంటే ఎంతండి?"

"ముప్పై."

"పాతిక సెయ్యండి బావూ. నాలుగో నెలకి దెయ్యం కూడా టిక్కెట్టు కొంటాది."

వెంకటాచలం గారు నవ్వలేదు.

షెడ్డు కొసగదిలో చెదపుట్టలు, గబ్బిలాల రెట్ట, తుప్పు పట్టిన మంచాలు నాలుగు. మంచాల కింద ఆకుపచ్చ రంగు ట్రంకుపెట్టె. అందులో దుప్పటి ముక్కలో చుట్టి నాలుగు గుండ్రటి డబ్బాలున్నాయి. దాలయ్య మూత తీసి వాసన చూసేడు. పాడయిన ఫిల్ము పుల్లటి వాసన కొడుతుంది. ఇది కొట్టలేదు. రీలుకి నాలుగు వందల అడుగులు, నాలుగు రీళ్లకి పదహారు వందలు. నిమిషానికి ముప్పై ఆరు అడుగుల చొప్పున నలభై నాలుగు నిమిషాల చిల్లర ఆడే బొమ్మ. విశాఖపట్నం నుంచి అద్దెకి తెచ్చుకుంటే వారానికి అరవై పొయ్యాలి. ఇదీ ఊరికే.

ఆ రాత్రి మెషీను పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. కాపలాకి మనిషిని పెట్టే తాహతు లేదు. ఏ జామో తెలీదు, మెలకువొచ్చింది. ఎడమచేతి మూలనుంచి... సన్నగా... ఎవరో ఊపిరి బిగబట్టి, పట్టలేక వదిలినట్టు.

లేచి కూర్చున్నాడు. చెవులు రిక్కించేడు.

రేకుల సందుల్లో గాలి, అనుకున్నాడు. గాలి కాకపోతే పిల్లి. రెండూ టిక్కెట్టు కొనవు. నవ్వుకుని ముసుగు తన్నేడు గాని దీపం మాత్రం ఆర్పలేదు.

మర్నాడు రీళ్లన్నీ ఒకసారి వేసి చూసుకున్నాడు — కథ కోసం కాదు, చిరుగుల కోసం. ఎక్కడ అతుకు పడాలో, ఎక్కడ అంచు కన్నాలు చిరిగేయో. అది ఏ హాల్లోనూ ఆడిన బొమ్మ కాదు. డాక్టర్లకి చూపించడానికి మిలిటరీ వాళ్లు తీసుకున్నది. మొదటి రీల్లో సిపాయిలు రైలెక్కి పాడుకుంటూ పోతారు. రెండో దాంట్లో అడవి, గుడారాలు, వాన. ఒక్క తుపాకీ పేలదు. పేలుతుందేమోనని వాళ్లు కాచుక్కూర్చోవడమే రీలంతా. మూడో దాంట్లో మొదట కాస్త వాన, చివర కాస్త బంతాట, మధ్యంతా ఆసుపత్రి. నాలుగో దాంట్లో నయమైనవాళ్లు బంతాట ఆడి, డాక్టరుతో చేతులు కలిపి, మళ్లీ రైలెక్కుతారు.

"యుద్ధం బొమ్మ! అసలు పల్టన్! నకిలీ ఏషాలు కావు!" అని శనివారం సంతలో డప్పు కొట్టించేడు. చీకటి పడుతూనే మొదలెట్టి భోజనాల వేళకి వదిలేస్తాననీ, అందరూ ఒక్క గుంపుగా ఊళ్లోకి తిరిగి పోవచ్చుననీ హామీ ఇచ్చేడు. నూట ముప్పై ఏడుగురు వచ్చేరు. రెండణాల టిక్కెట్టు. పదిహేడు రూపాయల రెండణాలు.

ఉక్కగా ఉందని షెడ్డు పెద్దతలుపులు రెండూ బార్లా తెరిపించేడు.

బొమ్మలో మాటలు ఇంగ్లీషూ హిందుస్తానీ. వచ్చినవాళ్లకి ఆ రెండూ రావు. అందుకని దాలయ్య మెషీను పక్కన నిలబడి, మాటల చప్పుడు తగ్గించి, రేకు గొట్టంలోంచి కథ చెప్పేవాడు — తెలుగులో, మధ్యమధ్య ఒరియా కలిపి. టూరింగ్ టాకీసులో అతని గురువు నేర్పిన విద్య అది. జనం నవ్వాలి, లేదా ఏడవాలి. ఊరికే చూశారంటే వచ్చే వారం రారు అనేవాడాయన.

రెండో రీలు సగానికే గొణుగుడు మొదలయింది.

"ఒరే దాలిగా! తుపాకీ ఎప్పుడు పేలుతాదిరా?"

"వాన ఎలిసేక పేలుతాది మావా, మందు తడిసిపోనాది!"

మూడో రీలు పడింది. పొడుగాటి గది. వరసగా మంచాలు. మంచానికొకడు. ఒకడు చెవులు మూసుకుని గోడకి తిరిగి కూర్చున్నాడు. ఒకడి చెయ్యి దానంతటది కొట్టుకుంటోంది; రెండో చేత్తో దాన్ని పట్టుకుని, పట్టుకున్నందుకు సిగ్గుపడుతున్నాడు. ఒక బక్కపలచటి కుర్రాడు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ పెట్టుకుంటున్నాడు. డాక్టరు మంచం అంచున కూర్చుని అతన్నేదో అడిగేడు. కుర్రాడి చేతులు ఆగేయి. పెదవులు కదిలేయి.

జనం లేచిపోతున్నారు.

"ఈళ్లు పల్టనోళ్లా, పురుటాడోళ్లా? ఒకడూ మంచం దిగడేటి?"

దాలయ్య గొట్టం నోటికి ఆనించేడు. "డాకటేరు బావు అడుగుతున్నాడు — ఏరా, రాత్రేటి తిన్నావు? — ఏటీ నేదండీ, గుండీలు తిన్నాను!"

షెడ్డు గొల్లుమంది. లేచినవాళ్లు కూర్చున్నారు. కుర్రాడి పెదవులు ఇంకా కదులుతున్నాయి. దాలయ్య మరో మాట వేసేడు. మళ్లీ నవ్వేరు.

అయినా బయటికొచ్చేక కొందరు రెండణాల్లో ఒక అణా వెనక్కి అడిగేరు.

ఆదివారం పొద్దున్నే దాలయ్య లెక్క వేసేడు. ఆసుపత్రి భాగం మూడువందల అరవై అడుగులు. సరిగ్గా పది నిమిషాలు. జనం లేచిపోయింది ఆ పది నిమిషాల్లోనే. బ్లేడుతో అక్కడ కోసి, ఇక్కడ కోసి, రెండు కొసలూ గీకి, ఫిల్ము అతికే సిమెంటు రాసి అతికేసేడు. మిగిలినదాన్ని చుట్ట చుట్టి మూల పారేసేడు. సోమవారం బుల్లి వచ్చేడు — తలమీద బయస్కోపు పెట్టె పెట్టుకుని సంతసంతకీ తిరిగేవాడు. పిల్లలు పెట్టె కన్నంలోంచి చూడ్డమే కాదు, ఒక్కొక్క బొమ్మ కత్తిరించి ఇస్తే పైసాకి కొనుక్కుని ఎండలో పెట్టి చూసుకుంటారు. బుల్లి ఆ చుట్టని రూపాయిన్నరకి అడిగేడు. పారేసినదానికి రూపాయిన్నర! దాలయ్య బేరం కూడా ఆడలేదు.

రెండో శనివారం రెండువందల పన్నెండుమంది. వానలో తడిసిన పల్టన్ ఒక్క గెంతులో బంతాటలో పడింది. అందరూ చేతులు కలుపుకుని రైలెక్కేసేరు. గెలిచేరనుకుని జనం ఈలలేసేరు. అణా వెనక్కి అడిగినవాడే దాలయ్య భుజం తట్టి, "అద్దీ! అదీ బొమ్మంటే!" అన్నాడు.

గుంపు లాంతర్లతో ఊరివైపు వెళ్లిపోయింది. నవ్వులు దూరమయ్యేయి. దాలయ్య తలుపులు దగ్గరగా వేసి, లాంతరు చిన్నది చేసి, చాప మీద వాలేడు.

ఎంతసేపు పడుకున్నాడో...

తలుపు రేకు కిర్రుమంది.

గాలి, అనుకున్నాడు. గాలికి అడుగుల చప్పుడుండదు.

అడుగు... ఆగింది. ఇంకో అడుగు. మట్టినేల మీద వట్టికాళ్లు. మెల్లగా, వాకబు చేసుకుంటున్నట్టు, ఎడమచేతి మూలకి వెళ్లేయి. అక్కడ చాలాసేపు ఏ చప్పుడూ లేదు. దాలయ్య కళ్లు తెరవలేదు. తెరవకపోతే అది తనని చూడదనిపించింది.

అడుగులు వెనక్కి తిరిగేయి. వచ్చేయి. తెర ముందు ఆగేయి.

కళ్లు సందుచేసి చూసేడు.

తెరకి ఎదురుగా, ఖాళీ నేలమీద, ఒక్కత్తే... తెల్లగా కూర్చునుంది.

తల తిప్పకుండా గుసగుసగా అంది —

"బొమ్మెయ్యి."

దాలయ్య దుప్పటి ఇంకా పైకి లాక్కున్నాడు.

"ఏత్తావా... ఎయ్యవా?"

లేచేడు. ఎలా లేచేడో అతనికే తెలీదు. బయట ఇంజను తాడు లాగేడు. మూడుసార్లు లాగితే గాని అంటుకోలేదు. పారిపోవచ్చు. రోడ్డు అక్కడే ఉంది. ఏడువందల మెషీను లోపల ఉంది. లోపలికే వచ్చేడు. ఏ రీలని అడగలేదు, అది చెప్పలేదు. చేతికి తగిలిన మూడో రీలే ఎక్కించేడు.

తెర వెలిగింది. వాన. గుడారాలు. గుడారం అంచునుంచి నీళ్లు కారుతున్నాయి; కింద ఒకడు ఆ నీళ్లని లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. తెల్లటి ఆకారం మోకాళ్ల మీద ముందుకి జరిగింది. ఇంకొంచెం జరిగింది. చెయ్యి చాపింది —

బంతి ఎగిరింది. నవ్వుతూ సిపాయిలు.

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఎనక్కి తిప్పు."

తిప్పేడు. వాన. గుడారాలు. బంతి.

"మళ్లీ తిప్పు. నువ్వు జోరుగా తిప్పేత్తన్నావు. ఇక్కడుండాల... ఇక్కడే ఉన్నాడు."

మూడోసారి బంతి ఎగిరినప్పుడు ఆ ఆకారం లేచి తెరదగ్గరకి వెళ్లి, గుడ్డ అంచు పైకెత్తి, వెనకాల చూసింది. తెర వెలుగు మొహం మీద పడింది.

దాలయ్య మెషీను పక్కనుంచి ముందుకి వంగేడు.

"అప్పమ్మత్తా!"

రోజూ పొద్దున్నే రాయగడలో దాలయ్య వాళ్ల వీధి ఊడ్చే అప్పమ్మ. దాలయ్య పుట్టినప్పట్నుంచీ ఊడుస్తోంది. కొడుకు మిలిటరీలో ఉన్నాడని అందరికీ తెలుసు. రాముడు. యుద్ధం అయి ఇన్నేళ్లయినా ఇంకా మిలిటరీలోనే ఏమిటని ఎవరూ అడగలేదు, ఎవరి పని వాళ్లది.

మెషీను ఆపేడు. లాంతరు పెద్దది చేసేడు. ఆమె తెర ముందే చతికిలపడింది.

"ఏడున్నాడు రాముడు? మొన్న శనోరం ఉన్నాడు గదా. ఎక్కడెట్టేవు?"

దాలయ్యకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆమె చెప్పుకుపోయింది, ఊడుస్తున్నప్పుడు తనలో తాను మాట్లాడుకున్నట్టే. నలభై రెండులో రోడ్లేసే పల్టన్లో చేరి వెళ్లేడు. నలభై అయిదు ఆఖర్లో, ఈ ఆసుపత్రికి కట్టెలు తోలే బండివాడొకడు వచ్చి, నీ కొడుకు లోపలున్నాడే అని చెప్పేడు. పరుగెత్తుకొచ్చింది. కాపలావాడు కంచె దగ్గరే ఆపేసేడు.

"తల్లిని సూత్తే బెంగెక్కువైపోతాదంట. నయమవుతున్న జబ్బు తిరగబెడతాదంట. కంచె దాటేవంటే నీ కొడుకుని నువ్వే సెడగొట్టుకున్నదానివవుతావన్నాడు. అలాగే నాయనా, దాటను, ఇక్కడే కూకుంటానన్నాను. ఆ కలవట్టు మీద. నలభై దినాలు కూకున్నాను. నలభై ఒకటో దినం వొచ్చేసరికి... ఎవులూ నేరు. కాయితం ఒకటొచ్చింది. కచేరీలో పంతులుగారు సదివేరు — ఉజ్జోగంలోంచి ఒగ్గేసేరంట. ఒగ్గేత్తే ఇంటికి రావాల గదా?"

"పల్టన్ ఎల్లిపోనాక కూడా నువ్వు కంచె దాటనేదా అత్తా? కాపలాయే నేదు గదా!"

"ఆడికి తిరగబెడితేనో?"

దాలయ్య లాంతరు ఆమె దగ్గరగా జరిపేడు.

"మొన్న తలుపులు తీసున్నాయి. కలవట్టు మీంచి తెర కనిపించింది. గుండీలు... సిన్నప్పుడూ అంతే, బయమేత్తే గుండీలు పెట్టుకుని ఇప్పుతాడు. నాను ఆడి సేతుల్నే గుర్తుపట్టేను, తర్వాతే మొకం. ఆ డాకటేరు ఏటో అడిగేడు. ఆడు సెప్పేడు. పెదాలాడేయి బావూ. ఏటి సెప్పేడు? నీకు దగ్గరే గదా, నువ్వినుంటావు. ఏటి సెప్పేడు?"

దాలయ్య మెషీను వైపు చూసేడు.

అతనికి తెలీదు. చప్పుడు తగ్గించింది తనే. గొట్టం నోటికి పెట్టుకుని అరిచింది తనే. చిరుగులు చూసుకున్న రోజున మాట మీద ధ్యాస లేదు. ఆ తర్వాత జనం మీద తప్ప ధ్యాస లేదు. రెండుసార్లు చూసిన ఆ పది నిమిషాల్నీ ఇప్పుడు మొదటిసారి చూస్తున్నట్టు ఒక్కొక్క మంచమే గుర్తుకొస్తోంది — గోడకి తిరిగినవాడు, తన చెయ్యి తనే పట్టుకున్నవాడు. బర్మాలో వాళ్లమీద ఒక్క తుపాకీ పేలకపోవచ్చు. పేలుతుందేమోనని ఎన్ని రాత్రులు కూర్చున్నారో. వాళ్లని మంచం దిగరేమని తన టిక్కెట్టు కొన్నవాళ్లు అడిగేరు. తను నవ్వించేడు.

"అమ్మా" అన్నాడని చెప్పెయ్యొచ్చు. ఒక్క మాట. ఆమె దాంతో ఇంటికెళ్లిపోతుంది. గొట్టంలోంచి అంతకన్నా పెద్ద అబద్ధాలు చెప్పేడు.

చెప్పలేకపోయేడు.

"నాకినిపించనేదు అత్తా. నాను... మాటాడుతున్నాను గదా, అప్పుడు."

"ఔను." ఆమె గొంతులో కోపమేమీ లేదు. "గుండీలు తిన్నాడన్నావు. అందరూ నవ్వేరు. ఆడు కూడా నవ్వుతాడేమోనని సూసేను."

తర్వాత మిగిలింది కూడా చెప్పేడు — కోసేయడం, మూల పారెయ్యడం, బుల్లి, రూపాయిన్నర. అన్నీ. ఆమె విన్నది. చీర కొంగు ముడి విప్పి, చిల్లర ఏరి, రూపాయిన్నర లెక్కపెట్టి అతని ముందు నేలమీద పెట్టింది.

"మళ్లీ కొని తే."

దాలయ్య ఆ డబ్బులు తియ్యలేదు. ఆమె మళ్లీ ముడి వేసుకోలేదు. అవి వాళ్లిద్దరి మధ్య అలాగే ఉన్నాయి.

ఇంజను బయట కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. నిశ్శబ్దంలో దాలయ్యకి కొంచెం నిబ్బరం వచ్చింది. నవ్వులాంటిది కూడా వచ్చింది. పన్నెండేళ్లుగా రాయగడంతటినీ హడలగొట్టిన దెయ్యం, కల్వర్టు మీద తెల్లచీర కట్టుకుని కూర్చున్న వీధులూడ్చే ముసలమ్మ. కానిస్టేబులుకి ఈ మాట చెప్పాలి!

"అయితే అత్తా, ఇన్నాళ్లూ ఇక్కడ ఏడిసింది నువ్వేనన్నమాట."

ఆమె అతనివైపు వింతగా చూసింది.

"నానెందుకేడుత్తాను? నానేడిత్తే ఆడిది నాకెలాగినిపిత్తాది?"

"...ఏటది?"

"ఆడే గదా ఏడుత్తాడు. ఆ మూలనుంచి. రోజూనూ. మాట ఇనిపించదు, ఏడుపే. బతికున్నాడో నేడో నాకు తెల్దు గానీ, ఏడుపుంది గదా, ఆడున్నట్టే గదా అని కూకుండేదాన్ని." ఎడమచేతి మూలవైపు చూసింది. గొంతు ఇంకా తగ్గించింది. "గడిసిన ఆదివారం నుంచి ఇనిపించడం నేదు బావూ. ఆరు రాత్రులైపోనాయి. అందుకే దాటేసేను కంచె. ఇంక తిరగబెట్టడానికి ఏటుంది?"

ఆదివారం. బ్లేడు పట్టుకున్న రోజు.

కొండమీంచి గాలి దిగింది. రేకులన్నీ ఒక్కసారి దడదడలాడేయి. సందుల్లోంచి ఈల వేస్తూ దూరి, ఈ చివరనుంచి ఆ చివరకి పోయింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. గాలి పోయింది. రేకులు సద్దుమణిగేయి.

ఇంకేమీ లేదు. మూల ఒట్టి మూలలా ఉంది.

ఆ మొదటి రాత్రి తను ఆ మూలనుంచి విన్నది గాలి కాదని దాలయ్యకి అప్పుడు తెలిసింది.

లేచి నిలబడ్డాడు. బుర్ర లెక్కల్లో పడింది. అదొక్కటే దానికి చేతనయిన పని. మూడువందల అరవై అడుగులు. అడుక్కి నలభై బొమ్మలు. పధ్నాలుగు వేల నాలుగు వందల బొమ్మలు. బుల్లి సోమవారం పట్టుకెళ్లేడు. కొల్నార సంత అయిపోయింది, కాశీపూర్ సంత అయిపోయింది. సంతకి నూట ఇరవై బొమ్మలు కత్తిరించి అమ్మినా రెండు సంతలకి రెండువందల నలభై. ఆరడుగులు. ఆరడుగులంటే పది సెకన్లు. పది నిమిషాల్లో పోయినవి పది సెకన్లే! మిగిలినదంతా చుట్టలోనే ఉంటుంది.

ప్రాణం లేచొచ్చినట్టయింది. అంతలోనే చతికిలబడింది.

ఒక కుర్రాడు తన పేరు చెప్పుకోవడానికి ఎంతసేపు పడుతుంది? తల్లి పేరు చెప్పడానికి? రెండు సెకన్లు. నలభై ఎనిమిది బొమ్మలు. వాటిని పైసాకొకటి చొప్పున ఏ పిల్లలు కొనుక్కుని ఎండలో పెట్టి చూస్తున్నారో. చుట్టకి ఏ కొసనుంచి బుల్లి కత్తెర మొదలెట్టేడో.

తెల్లారితే బిస్సమ్ కటక్ సంత. పెద్ద సంత. పొద్దెక్కక ముందే అక్కడ పెట్టె దింపుతాడు.

ఎన్ని మైళ్లో అనుకోలేదు. సైకిలు బయటికి తీసేడు. దీపం వెలిగించేడు.

"అత్తా, నువ్వు ఇంటికి పో. నాను తెత్తాను."

"నానుంటాను," అంది అప్పమ్మ. లాంతరు పట్టుకుని వెళ్లి ఆ ఎడమచేతి మూల, గోడకి వీపు ఆనించి కూర్చుంది. లాంతరు వత్తి తగ్గించింది. "ఎవులూ నేరనుకుని ఆడు తిరిగి ఎల్లిపోకూడదు గదా. నువ్వెల్లు బావూ. సప్పుడు సెయ్యకుండా ఎల్లు."

దాలయ్య సైకిలుని చప్పుడు కాకుండా ఎత్తి పట్టుకుని కంచె దాటించేడు. కల్వర్టు మీద ఎవరూ లేరు. రోడ్డు నల్లగా, ఖాళీగా కొండల్లోకి పోతోంది. బిస్సమ్ కటక్ వైపు తిప్పి, పెడలు మీద కాలు పెట్టేడు.